మూతల ఫ్యాక్టరీలో మొదటి లైటు

మెర్ల్ బీల్ ఫోన్ చేసేసరికి ఒడిల్ తిబడో తన లైట్ల షాపు తాళం తీస్తోంది. అమెరికాలో మెయిన్ రాష్ట్రం తీరాన సార్డీన్ చేపల డబ్బాలకి మూతలు చేసే ఫ్యాక్టరీలో మెర్ల్ ఫోర్‌మన్.

"ఒడిల్, మీ లైటు మసకేసింది. రేపట్నించి మూతల ఫ్యాక్టరీకే మూత. ఇవాళ అది వెలగకపోతే ఆఖరి సరుకు తనిఖీ కాదు."

"ఏ లైటు? మొట్టమొదటిదా? అదింకా బతికే ఉందా!"

"నిన్నటిదాకా నిక్షేపంలా ఉంది. నీలాగే మొండి ఘటం."

ఒడిల్ నవ్వింది. దాచుకున్న పాత ఎర్ర ఎల్ఈడీలూ, సోల్డరింగ్ సామానూ కారులో వేసుకుని తన ఊరు లూయిస్టన్ నుంచి బయల్దేరింది.

దారి పొడుగునా, తనూ తమ్ముడూ లైట్లు చేయడం మొదలుపెట్టిన నాన్న కారు షెడ్డే కళ్లముందు మెదిలింది. చలికి వేళ్లు కొంకర్లు పోయేవి. ఆ రోజుల్లో మూత మీద, రింగు లాగితే చీలే గీతని ఫ్యాక్టరీలో ఆడవాళ్లు కళ్లు చికిలించి చూసేవాళ్లు. గీత లోతైతే డబ్బా దారిలోనే చీలుతుంది, పైపైనే పడితే రింగు ఊడి చేతికొస్తుంది. పోనీ కెమెరా పెడదామంటే, తళతళలాడే రేకు మీద ఏ దీపం వేసినా మెరుపే తప్ప గీత కనపడదు. అప్పుడు ఒడిల్ తమ్ముడు రెజిస్, వెలుతురు సగం వెనక్కి మళ్లి సగం దాటే అద్దం ఒకటి తెచ్చి, కెమెరాకీ మూతకీ మధ్య ఏటవాలుగా నిలబెట్టాడు. పక్కనుంచి వేసిన వెలుతురు దాన్ని తాకి నిట్టనిలువుగా మూత మీదకి దిగి, వచ్చిన దారినే పైకెళ్లి, అద్దం దాటి కెమెరాలో పడింది. నలుపు తెలుపు తెర మీద మూతంతా పాలలా తెల్లగా, గీత మాత్రం కాటుకతో దిద్దినట్టు నల్లగా!

"అక్కా, చూశావా! అక్కా!" అంటూ రెజిస్ ఆమె చేతులు పట్టుకుని షెడ్డంతా గిరగిరా తిప్పేశాడు.

దాన్ని కోయాక్సియల్ లైటంటారని కొనేవాళ్లే తర్వాత చెప్పారు. నాణేలు, చిప్పులు, సర్క్యూట్ బోర్డులు, మెరిసేదల్లా వాళ్ల లైటు కిందకొచ్చింది. ఆ వెనకే సముద్రం అవతల నుంచి పదో వంతు ధరకే లైట్లూ వచ్చాయి. లైట్లలో ఎల్ఈడీలు అతికే బోర్డులు బయట కొందామన్నాడు రెజిస్. చేత్తోనే చేద్దామంది ఒడిల్. మాటా మాటా పెరిగింది. "ఇది షాపు కాదక్కా, నువ్వు కొవ్వొత్తులు వెలిగించుకునే చర్చి" అనేసి అతను మసాచుసెట్స్‌లో పెద్ద కంపెనీకి వెళ్లిపోయాడు. తర్వాత ఇద్దరూ ఎదురుపడింది చావుల దగ్గరే.

ఫ్యాక్టరీలో అడుగుపెట్టేసరికి, లైటు ముందు వంగి నిలబడి ఉన్నాడు రెజిస్.

"ఇద్దరికీ ఫోన్ చేశా," అన్నాడు మెర్ల్, ఎటో చూస్తూ. "ఒకళ్లకే చేస్తే రెండోవాళ్లు నన్ను బతకనివ్వరుగా."

"లావెక్కావు," అంది ఒడిల్ తమ్ముడితో.

"నువ్వు కుంచించుకుపోయావు. జరుగు, లైటు మూత విప్పాలి."

లోపల సగం ఎల్ఈడీలు చచ్చిపోయాయి. అద్దం మీద నూనె మసక. రెజిస్ మెత్తటి కాగితంతో తుడవబోతుంటే ఒడిల్ ఊరుకోలేదు. "మెల్లిగా! గీత పడితే ఇంక అంతే."

"ఆ అద్దం పెట్టిందెవరమ్మా?"

"మూడు పగలగొట్టాక పెట్టావు. ఆ మాట చెప్పవేం!"

మెర్ల్ పక్కకి తిరిగి నవ్వాపుకున్నాడు.

ఒడిల్ చచ్చిపోయిన ఎల్ఈడీలు పీకేసి, తను తెచ్చినవి అతకడం మొదలుపెట్టింది. రెండోదానికే సోల్డరింగ్ మొన పక్కకి జారింది. మళ్లీ పెట్టింది, మళ్లీ జారింది. తమ్ముడు ఏమంటాడోనని తలెత్తలేదు. రెజిస్ దగ్గరికి జరిగాడు. ఆమె చేతిలోంచి మెల్లిగా తీసుకుని, "నువ్వు చూపించు, నేను అతుకుతా," అన్నాడు.

చివరిది అతకగానే మెర్ల్ స్విచ్ వేశాడు. తెర మీద తెల్లటి మూత, నల్లటి గీత. లైను కదిలింది. ఆఖరి మూత దాటేదాకా ఆ ముగ్గురూ, లైను మీద మిగిలిన నలుగురు ఆడవాళ్లూ కదలకుండా చూశారు. ఆ నలుగురిలో పెద్దావిడ ఏప్రాన్‌తో కళ్లు ఒత్తుకుంది.

లైటు ఎవరు తీసుకెళ్లాలన్న మాటొచ్చింది. నువ్వంటే నువ్వనుకున్నారు. కాసేపటికి విసుగెత్తి మెర్లే దాన్ని ఒడిల్ కారులో పెట్టేశాడు.

కారు దగ్గర ఒడిల్ తమ్ముడితో అంది: "నీ కంపెనీని ఎవరో కొనేశారనీ, నిన్నింటికి పంపేశారనీ మెర్ల్ చెప్తే తెలియాలా? ఒక్క ముక్క నాకు చెప్పచ్చుగా?"

"నవ్వుతావని."

"నవ్వుదును. నవ్వి రమ్మందును."

చలికాలం పోయి మంచు కరిగాక రెజిస్ షాపుకి రావడం మొదలుపెట్టాడు. బోర్డులు బయట కొనడానికి ఒడిల్ ఒప్పుకుంది, అద్దాలు మాత్రం ఇక్కడే పెట్టాలంది. వ్యాపారం పుంజుకోలేదు. పాత నాణేలకి ఫొటోలు తీసేవాళ్లు, గడియారాల పలకలు బాగుచేసే ఒకాయన, అలా చిన్న చిన్న గిరాకీలు. రెండేళ్ల తర్వాత షాపు అమ్మేశారు. ఆ రెండేళ్లలో ఒక్క పూట కూడా దెబ్బలాడకుండా గడవలేదు. ఇప్పుడు ఒడిల్ వంటింట్లో పొద్దున్నే కాఫీ కలుపుకుంటూ తలుచుకునేది మంచి రోజుల గిరాకీని కాదు, ఆ దెబ్బలాటల్నే.