పది వారాల సముద్రం

మైపాడు పక్క పల్లెలో కామాక్షయ్యకు ఉన్నది ఒక పడవ, ఒక పెళ్ళాం, నూటొక్క నోళ్ళు. పడవకు వేట నిషేధం రోజుల్లోనైనా సెలవుంటుంది గానీ, ఆ నోళ్ళకు ఏడాది పొడుగునా సెలవు లేదు. అట్టాంటి మనిషి మాట్లాడాల్సిన చోట ఒకే ఒక్కసారి నోరు మూసుకున్నాడు.

పోయినేడు జూన్‌లో స్కాట్లాండు నుంచి ఐల్సా అనే పిల్ల వచ్చింది. ఇంజినీరింగు మూడో ఏడు. చదివే పిల్లల్నీ, చదువు ముగించినోళ్ళనీ దేశంగాని దేశాలకు పంపి, అక్కడి జనానికి పనికొచ్చేది ఏదో ఒకటి కట్టించే సంస్థ పంపింది. పది వారాలు, జీతం లేని కొలువు, వాలంటీరు. ఆ మాట చెవిన పడంగానే ఊళ్ళో ముసిలోళ్ళంతా పింఛన్లు పంచే సర్కారు వాలంటీరనుకుని వరస కట్టినారు.

"పింఛను కాదబ్బా! ఈ పిల్ల ఎండకు వాలి, టీ తాగి లేచే వాలన్-టీ-రు. పోండి, పోండి" అని కామాక్షయ్య వరస చెదరగొట్టినాడు. పేరు కూడా ఆయనే మార్చినాడు. "ఐల్సా ఏందమ్మా, హైలెస్సా అను. వల లాగేటప్పుడు రోజుకు నూరుసార్లు పిలుస్తాం నిన్ను."

సంస్థ తరఫున మాటలు అటూ ఇటూ చేరవేసే రోజా ఈ ఊరి పిల్లే, కావలిలో ఇంజినీరింగు చదివింది. ఆమె ఇంగ్లీషులో చెప్పంగానే ఐల్సా పకపకా నవ్వింది. మర్నాడు నిజంగానే వచ్చి వల పట్టింది, అరచేతులు బొబ్బలెక్కేదాకా లాగింది. కామాక్షయ్య పెళ్ళాం, బిడ్డల్లేని ముసలమ్మ, ఆ చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని కొబ్బరినూనె రాస్తా కూర్చుంటే, ఆమె మొహం ఇంత వెడల్పని ఆయనకు ఆ రోజే తెలిసింది.

ఐల్సా కట్టదలచింది చేపలు ఎండబెట్టే సోలారు పందిరి. ఊళ్ళో ఆడోళ్ళు నెత్తళ్ళను ఇసకలో పరుస్తారు. కాకులకు కొంత, కుక్కలకు కొంత, మిగిలింది ఇసకతో సహా సంతకు. అందుకని సిమెంటు అరుగు, ఇనప పైపులు, పైన ప్లాస్టిక్కు కప్పు, ఎండతో తిరిగే ఫ్యాను. ఎండా గాలీ కొలుచుకుంటా తీరమంతా తిరిగి, వాగు సముద్రంలో కలిసే మొగ పక్కన దిబ్బను ఎంచుకునింది.

ఆ దిబ్బ సంగతి కామాక్షయ్యకు తెలుసు. కార్తీకంలో వాయుగుండం పట్టిన ఏడు వాగు పొంగుతుంది, సముద్రం ఎదురొస్తుంది, నడుమ దిబ్బ నమిలేసిన తమలపాకవుతుంది. ఐల్సా చూసింది జూన్ సముద్రాన్ని. అప్పుడది పెళ్ళిచూపులకు కూర్చున్న పిల్ల మాదిరి తలొంచుకుని ఉంటుంది.

శంకుస్థాపన నాడు అరుగు చోట ముగ్గేసి, పసుపు చల్లి, ఐల్సా చేతికి టెంకాయ ఇచ్చినారు. ఆ పిల్ల ఎత్తి కొట్టబోతా ఉండంగా కామాక్షయ్య గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఈడ కార్తీకంలో..."

ముసలమ్మ ఆయన కాలు కసుక్కున తొక్కింది. "శుభమా అని టెంకాయ కొడతా ఉంటే పోయే మాట ఎత్తుతావేందయ్యా? నోరా అది, మొగా?"

టెంకాయ పగిలింది. అందరూ చప్పట్లు కొట్టినారు.

మర్నాడు చెబుదామనుకున్నాడు. మర్నాటికి కాంక్రీటు పడింది. ఆ మర్నాడు రోజా కాగితం పట్టుకొచ్చింది. "మామా, ఈ చోటు అన్ని కాలాల్లో పదిలమేనా అని ఐల్సా అడగమంటోంది. ఇంతకుముందు కూడా రెండుసార్లు అడిగింది. నువ్వు ఊ అంటే చాలంట." ఐల్సా నిలబడి చూస్తా ఉంది, నూనె రాసిన చేతులు వెనక కట్టుకుని. ముగ్గు పడినాక కీడు పలికితే, ఆ కీడు పలికినోడిదే. "బాగుందమ్మా" అని సంతకం పెట్టినాడు.

ఆగస్టులో ఆ పిల్ల ఏడుస్తా పోయింది. నవంబరులో దిబ్బ పోయింది. జనం అన్నాలు తినే వేళకు అరుగు నిట్టనిలువునా లేచి, ఒక్కసారి ఊగి, నీళ్ళలోకి జారింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ప్రతి శుక్రవారం ఐల్సా ఫోను చేసేది. "పందిరి ఎట్టుంది?" అనే మాట తెలుగులోనే అడిగేది.

"పందిరికేం తల్లీ! కొత్తల్లుడి మాదిరి కూర్చోనుంది, లేపినా లేవదు" అనేవాడు కామాక్షయ్య. చూపించమంటే సిగ్నలు లేదనేవాడు. పరీక్షలయ్యేదాకా చెప్పొద్దని రోజాను బతిమాలుకున్నాడు. ఫోను పెట్టేసినాక ఆయన జోకుకు ఆయనకే నవ్వొచ్చేది కాదు.

ఫిబ్రవరిలో రోజా ఒగురుస్తా వచ్చింది. "మామా, ఐల్సా గీసిన పందిరి పటం ఆ సంస్థకు తెగ నచ్చిందంట. జూన్‌లో పద్దెనిమిదిమంది వస్తారంట, బోగోలు దాకా ఆరు పందిళ్ళంట. చోట్లు ఎట్టా ఎంచాలో ఐల్సా రాసి ఇచ్చింది. మొగల పక్క దిబ్బలు. కింద నీ పేరుంది, పెద్ద జాలరి ఒప్పుకున్నాడని."

ముసలమ్మ కూర గరిటె అట్టనే పట్టుకుని వచ్చింది. "చెప్పొద్దయ్యా. ఆ బిడ్డ గుండె పగిలిపోద్ది."

"చెప్పకపోతే ఆరూళ్ళ ఆడోళ్ళ కొంపలు మునుగుతాయే" అన్నాడు కామాక్షయ్య. "ఫోను కలపమ్మా."

మొగ దగ్గరికి నడిచి, ఫోనును నీళ్ళవైపు తిప్పి పట్టుకున్నాడు. అలలు, వాటి నడుమ వంగిన ఇనప పైపు ఒకటి.

"ఎప్పుడు?" అనింది ఐల్సా.

"నవంబరులో, తల్లీ."

తర్వాతి మాట ఇంగ్లీషులో వచ్చింది. రోజా దాన్ని తెలుగు చేసింది. "ఇట్టా అవుద్దని నీకు ముందే తెలుసా అని అడుగుతోంది మామా."

"తెలుసు."

"మూడుసార్లు అడిగినాను గదా అంటోంది."

"నువ్వు టెంకాయ ఎత్తినావు గదమ్మా... అంత సంతోషంగా ఉంటివి గదా..." అన్నాడు కామాక్షయ్య. రోజా ఏదో చెప్పింది. ఫోనులో ఆ పిల్ల మొహం చేతుల్లోకి పోయింది. ఇంజినీరు కన్నీరవడం చూసినాడాయన. కాసేపటికి, ఉన్నదున్నట్టు సంస్థకు రాస్తానని మాత్రం చెప్పి పెట్టేసింది.

రాసింది. జూన్‌లో ఎవరూ రాలేదు. ఈ తీరానికి ఇంక పిల్లల్ని పంపబోమని సంస్థ రోజాకు ఉత్తరం పంపింది. శుక్రవారాలు వస్తా ఉన్నాయి, ఫోను రావడం లేదు.

కామాక్షయ్య మైపాడు నుంచి బోగోలు దాకా బస్సుల్లో, ఆటోల్లో, కాలినడకన తిరిగినాడు. ఏ మొగ ఏ నెలలో తెగుద్దో, ఏ దిబ్బ ఎంత గాలికి నిలుస్తుందో, ఎక్కడ పందిరి వేస్తే ఏడాది పొడుగునా ఉంటుందో ఒక్కొక్కటే చెబుతా ఉంటే రోజా ఇంగ్లీషులో రాసింది. జోకు ఒక్కటి లేకుండా పదకొండు పేజీలు. ఐల్సాకు పంపించినారు.

"చదివిందా?" అని అడిగింది ముసలమ్మ.

రోజా ఫోను చూసింది. రెండు గీతలూ నీలంగా ఉన్నాయి. "చూసింది అత్తా."

"ఏమనింది?"

రోజా ఫోనును బోర్లా పెట్టేసింది.

"చూసింది గదా, చాలు" అని కామాక్షయ్య లేచి వల భుజాన వేసుకున్నాడు. పడవ దాకా పోయి, పడవెక్కకుండా దాని పక్కనే కూర్చుండిపోయినాడు.