నాలుగో మూల

బుధవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, వన్ టౌన్‌లోని కనకరత్నం ఇంటి మేడ మీద వరండాలో బొంతలు కుట్టుకోవడం ఆ ముగ్గురు ఆడవాళ్ళకీ ఏళ్ళ నాటి అలవాటు. ముందుగా కనకరత్నం తడిగుడ్డ పెట్టి గచ్చు తుడుస్తుంది. పొద్దున్న తుడిచిందే, అయినా మధ్యాహ్నానికల్లా పోర్టు బొగ్గుమసి మళ్ళీ పల్చగా పరుచుకుని ఉంటుంది. తుడిచి, చాప వేసి, గోడనున్న కనకమహాలక్ష్మి అమ్మవారి పటానికి ఓ దణ్ణం పెట్టుకుని, సూదుల డబ్బా మూత తీస్తుంది. అంతలోకే మెట్ల మీద నూకాలు ఆయాసం, ఆ వెనకే పైడితల్లి కబుర్లూ వినపడతాయి.

ఈ ఉగాదికి నూకాలు ఓ మాట అంది. ముగ్గురిలోకీ పెద్దది, డెబ్భై దాటిన మనిషి.

"కొత్త బొంతలు మొదలెట్టడం ఆపండర్రా. పెట్టెల్లో సగం కుట్టి వదిలేసినవి ఎన్నున్నాయో బైటికి తియ్యండి. నాను పోయేలోగా అన్నీ అయిపోవాల."

ముందు ఆవిడదే తీసింది. స్టీల్ ప్లాంటులో పనిచేసిన మొగుడి నీలం చొక్కాలతో మొదలెట్టి, ఆయన పోయిన రోజున ఆపేసిన బొంత. ముగ్గురూ తలో వైపు కూర్చుని నెల్లాళ్ళలో ముగించారు. తర్వాత పైడితల్లిది. యారాడలో తల్లి ఇచ్చిన చీరలవి, తల్లి పోయాక సూది పట్టబుద్ధి కాలేదుట. అదీ అయింది. ఆషాఢం వచ్చేసరికి కనకరత్నం బొంత ఒక్కటే మిగిలింది.

"నీది తియ్యవేటి రత్నం?"

"తీస్తాను పిన్నీ. వచ్చేవారం."

"నీ వచ్చేవారాలన్నీ అవ్వాలంటే నాను నూరేళ్ళు బతకాల," అంది నూకాలు, సూదిలో దారం ఎక్కిస్తూ.

కనకరత్నం పుట్టిల్లు రాజోలు దగ్గర. పుట్టబోయే బిడ్డకి బొంత కుడితే వాళ్ళ వైపు మూడు మూలలే మూస్తారు. నాలుగోది జానెడు వదిలేసి, సూది అక్కడే గుచ్చి ఉంచుతారు. బిడ్డ పుట్టి, పురుడు వెళ్ళాక ఆ మూల కుట్టి ముడివెయ్యాలి. కనకరత్నం కూడా తన మెత్తటి నేత చీరలు నాలుగు పొరలు వేసి అలాగే కుట్టింది. కార్తీక పౌర్ణమినాడు ఆడపిల్ల పుట్టింది. చంద్రిక అని పేరు పెట్టుకున్నారు. పురుడు వెళ్ళింది. పాలు, స్నానాలు, పోర్టు షిఫ్టులకెళ్ళే భర్తకి క్యారేజీలు. బొంత కంటపడినప్పుడల్లా "రేపు కుడతాలే" అనుకునేది. అలా అనుకుంటూనే నాలుగేళ్ళు గడిచిపోయాయి. నాలుగు నిండిన పిల్లకి ఓ రోజు జ్వరం తలకెక్కింది. మూడు రోజుల్లో అయిపోయింది.

ఆ మూసెయ్యని మూలలోంచే బిడ్డ వెళ్ళిపోయిందని కనకరత్నం నమ్మకం. ఎవరితోనూ అనలేదు. అమ్మవారితో మాత్రం రోజూ అంటుంది.

ఆ పై ఏడు కార్తీక పౌర్ణమికి, ఎండలో వేద్దామని పెట్టెలోంచి తీస్తే బొంత రెండు వేళ్ళంత పెరిగి ఉంది. పెరిగిన చోట కూడా అవే చీర పువ్వులు, తనవే కుట్లు. భర్త కొండలరావు పోర్టులో వాడే ఇనుప టేపు తెచ్చి కొలిచాడు. గుమ్మం పక్కన చంద్రికని నిలబెట్టి గీసిన పెన్సిలు గీతల పైన ఇంకో గీత గీశాడు. వీధిలో వాళ్ళు విని, "పెరగదేటి మరి, ఎదిగే పిల్ల," అన్నారు. ఎదురింటావిడ పెద్ద పెట్టె కొనుక్కోమంది. పన్నెండో ఏట బొంత ఒక్కసారిగా పొడుగు సాగింది. పద్దెనిమిదికి ఐదడుగుల ఒక అంగుళం దగ్గర ఆగిపోయింది.

"నా పొడుగే," అంది కనకరత్నం ఆ రోజు. కొండలరావు టేపు చుట్టేశాడు.

మొన్న ఉగాది తర్వాత ఆ నాలుగో మూల దగ్గర తమలపాకంత గుడ్డ ఒకటి మొలిచింది. ఆషాఢానికి మూరెడైంది. అది కూడా బొంతే. నాలుగు పొరలు, మూడు మూలలూ మూసి ఉన్నాయి. నాలుగో మూల మాత్రం పెద్ద బొంత మూలని ఒకే ఒక్క దారంతో అంటిపెట్టుకుని ఉంది. కనకరత్నం మడతల్లో దాచింది గానీ, నూకాలు కన్ను తప్పించుకోవడం ఎవరి తరం?

"సంద్రిక నీళ్ళోసుకుందేటి?" అంది, పెట్టెలో మడత ఎత్తి చూసి. "ఇరవయ్యేడు కదా, ఆలిస్యమే. పోన్లే, అమ్మమ్మవి అవుతన్నావు."

మర్నాడు చలిమిడి చేసి తెచ్చింది. కనకరత్నం ఆ చలిమిడి దేవుడి గదిలో కూర్చుని ఒక్కత్తే తింది.

ఆ తర్వాతి బుధవారం పైడితల్లి ఆలస్యంగా వచ్చింది. చాప మీద కూర్చోలేదు.

"వొదినా, నాను ఎల్లిపోవాల. మా సత్యశ్రీకి నిన్న కానుపైపోనాది. ఏడో నెల్లోనే. ఆడపిల్ల. గుప్పెడంత ఉంది, ఒళ్ళు సల్లబడిపోతంది. తల్లి గుండెకి ఆనించి కట్టడానికి పాతది, మెత్తటి గుడ్డ తెమ్మంది నర్సమ్మ. కొత్తవి గుచ్చుకుంటాయంట. నీకాడ ఏటైనా ఉందా?"

పైడితల్లి కూతురు సత్యశ్రీకి అంతకుముందు రెండు కడుపులు నిలవలేదు. ఆ సంగతి కనకరత్నానికి తెలుసు. సత్యశ్రీ, చంద్రికా ఒకే ఏడు పుట్టారు. ఈ వరండాలోనే ఒకే గిన్నెలో పప్పన్నం తిన్నారు.

కనకరత్నం గదిలోని పెట్టె వైపు చూసింది. ఆ మూరెడు గుడ్డ తన కూతురి కూతురు. ఇరవైమూడేళ్ళు ఎదురుచూసినందుకు దక్కింది అదొక్కటే.

"లేదు వదినా," అంది. "అన్నీ వాడుకలోవే."

నూకాలు కుట్టు ఆపి ఆమెకేసి చూసింది.

"పోన్లే," అంది పైడితల్లి, చెంగుతో మొహం తుడుచుకుంటూ. "మాయమ్మ సీర ముక్క ఇంకోటుంది. ఉతికి, ఆరబెట్టి, రేపు కుట్టీసి పట్టుకెల్తాను."

నాలుగు మెట్లు దిగింది.

రేపు.

"ఆగు వదినా!" కనకరత్నం గొంతు తనకే కొత్తగా వినపడింది. "రేపు వద్దు. పైకి రా."

పెట్టె తెరిచి బొంత తెచ్చి చాప మీద పరిచింది. చిన్నదాన్ని చూడగానే పైడితల్లి రెండడుగులు వెనక్కి వేసింది.

"వొద్దొదినా. నీ సంద్రికది నాకొద్దు."

"రత్నం," అంది నూకాలు మెల్లిగా. "ఇది తియ్యాలంటే పెద్దదాని మూల మూసెయ్యాల. ముడెయ్యకుండా తెంపితే రెండూ ఊడిపోతాయి. ఆలోసించుకున్నావా?"

"ఇరవైమూడేళ్ళు ఆలోచించాను పిన్నీ."

మూలన గుచ్చిన సూది తుప్పు పట్టి గుడ్డకి అంటుకుపోయింది. కనకరత్నం అమ్మవారి పేరు తలుచుకుని దాన్ని లాగింది. ఒక్కో కుట్టూ వేసింది. చివరి కుట్టు వేసి దారం బిగించబోతే బొంత మొత్తం కుచ్చులు పడి దగ్గరకు వచ్చింది. దారం వస్తూనే ఉంది. ఆమె లాగుతూనే ఉంది. పెళ్ళీడు పొడుగు పోయింది. కాలేజీకి వెళ్ళాల్సిన పొడుగు పోయింది. ఓణీల పొడుగు పోయింది. బడికి వెళ్ళాల్సిన గుడ్డ అంతా సర్రున లోపలికి వెళ్ళిపోయింది. దారం ఇంక రానన్న చోట కనకరత్నం ముడివేసి, పంటితో కొరికింది; చిన్నది విడిగా వచ్చేసింది.

ఒళ్ళో చంద్రిక బొంత చిన్నదై ఉంది.

అలికిడికి కొండలరావు లోపల్నించి వచ్చాడు. చేతిలో టేపు ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని కొలిచాడు. లేచి వెళ్ళి, గుమ్మం మీద గీతల వరసలో బాగా కిందనున్న ఒక గీత మీద వేలు పెట్టాడు. పిల్ల ఉండగా గీసిన ఆఖరి గీత అది.

"మూడడుగుల రెండంగుళాలు," అన్నాడు. "అంతే ఉంది, రత్నం."

వేలు అక్కణ్ణించి తియ్యలేదు. మిగతా గీతలన్నీ ఆయన తలపక్కన అలాగే ఉన్నాయి.

కనకరత్నం ఏడవలేదు. కళ్ళు మసకబారకుండా రెప్పలు గట్టిగా ఆర్పుకుని, చిన్న బొంత అందుకుంది. బిడ్డ పుట్టేసింది కాబట్టి, పురుడు వెళ్ళేదాకా ఆగకుండా, దాని నాలుగో మూల అక్కడికక్కడే కుట్టి, ముడివేసి, పైడితల్లి చేతుల్లో పెట్టింది.

"పరిగెత్తు," అంది.

మార్గశిరం ఆఖరి గురువారం. బురుజుపేటలో, కప్పులేని గుడిలో అమ్మవారి ముందు రద్దీ తోసేస్తోంది. పసుపు నీళ్ళతో కాళ్ళు జారుతున్నాయి. సత్యశ్రీ పిల్లని అమ్మవారి ఎదుట బొంత మీద పడుకోబెట్టింది. పిల్ల గుప్పిళ్ళు బిగించి, ఆకాశంకేసి చూస్తూ గట్టిగా ఏడ్చింది.

"నీ గొంతు తగలెయ్య, పోర్టులో ఓడ కూతేసినట్టుంది," అని నవ్వింది నూకాలు.

కనకరత్నం వంగి, అలవాటుగా, బొంతని చేత్తో కొలిచింది. అదే మూరెడు. వేలెడు కూడా పెరగలేదు. పిల్ల కాళ్ళు మాత్రం అంచు దాటి జానెడు బయటికి వచ్చి, చల్లటి రాతిని తంతున్నాయి. తన పిల్ల ఏ నాడూ బొంత దాటి కాలు చాపలేదు. ఆఖరి రోజు కూడా సరిగ్గా పట్టింది.

"సూసినావా వొదినా," అంది పైడితల్లి. "అప్పుడే సాల్టం లేదు."

కనకరత్నం ఆ రెండు పాదాలనీ అరచేతుల్లోకి తీసుకుంది. వెచ్చగా ఉన్నాయి.

"చాలకూడదు వదినా," అంది. "అసలు చాలకూడదు."