హ్యూస్టన్‌లో పట్టిన జబ్బు

నాగభూషణంగారు హ్యూస్టన్‌లో రెండేళ్ళు ఇంజనీరుగా చేసి వచ్చారని మనవాళ్ళు వలసొచ్చి ఉండే పెండిల్ హిల్ పేటలో తెలియని తెలుగువాడు లేడు. నిజానికి ఆయన వెలగబెట్టింది దక్షిణ అమెరికాలోని బొలీవియాలో, మట్టిగోడల ఇంట్లో ఉంటూ, రోడ్డు పనిలో. నలభై ఏళ్ళ కిందట పెళ్ళిచూపుల్లో నోరు జారి "హ్యూస్టన్" అన్నారు. అమ్మాయి తండ్రి మొహం మతాబులా వెలిగింది. ఇక దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి తరం?

స్నేహ అనే డాక్టరమ్మ చాగస్ జబ్బును రక్తంలో పసిగట్టే కొత్త పరీక్ష మీద పరిశోధన చేస్తోంది. దక్షిణ అమెరికా మట్టిగోడల్లో దాక్కునే నల్లి లాంటి పురుగు తెచ్చిపెట్టే జబ్బు అది. ఏళ్ళ తరబడి కిక్కురుమనకుండా ఉండి, చివరికి గుండెను పట్టుకుంటుంది. పోలిక కోసం జబ్బు లేనివాళ్ళ రక్తం కావాలంటే మనవాళ్ళు పాతికమంది చేతులు చాచారు. ఆ దేశాల్లో ఎప్పుడైనా ఉన్నారా అని ఫారంలో అడిగితే, పక్కన భార్య కళావతి ఉండగా, నాగభూషణంగారు లేదని టిక్కు పెట్టారు.

రిపోర్టు వచ్చింది. ఆయనకు జబ్బు ఉంది. నమ్మలేక స్నేహ మరో రెండు రకాల పరీక్షలు చేయించింది. అవీ ఉందనే అన్నాయి.

దంపతులిద్దర్నీ పిలిచి కూర్చోబెట్టింది. విచారం ఉండాల్సిన డాక్టరమ్మ మొహంలో పండగ కనిపిస్తోంది.

"అంకుల్, డోంట్ వరీ. ఈసీజీలో చిన్న తేడా ఉంది, అంతే. ఇయర్‌కి ఒకసారి హార్ట్ చెక్ చేద్దాం. బట్ మీరు టెక్సాస్‌లో, హ్యూస్టన్‌లో ఉన్నారు కదా! అక్కడ కూడా ఆ పురుగులుంటాయి, కానీ మనుషులకి రావడం సో రేర్. మీ కేస్ మీద నా పేపర్ ఆల్మోస్ట్ రెడీ. హ్యూస్టన్‌లో మీ అడ్రస్ ఇస్తే అక్కడి హెల్త్ వాళ్ళకి కూడా పంపిస్తా."

"మా వారికి వస్తే అట్టాంటియ్యే వస్తయ్యమ్మా, నాసిరకంవి రావు," అంది కళావతి.

ఒక వీధి పేరు అల్లేయడం నాగభూషణంగారికి చిటికెలో పని, నలభై ఏళ్ళ అనుభవం మరి! కానీ ఈ పిల్ల దాన్ని నమ్మి అచ్చు వేయిస్తుంది, రేపు నలుగురిలో నవ్వులపాలవుతుంది. పోనీ నిజం చెబితే పక్కనున్న భార్య ఏం చేస్తుందో ఆలోచించే ధైర్యం కూడా ఆయనకు లేదు. పాపిష్టి పురుగు! కుట్టేటప్పుడే చెప్పి కుట్టకూడదూ?

"హ్యూస్టన్ లేదమ్మా," అన్నారు చివరికి, గోడతో చెబుతున్నట్టు. "నేనా ఊరు చూళ్ళేదు. బొలీవియా. రాసుకో."

స్నేహ కంప్యూటర్‌లో పేపరు మొత్తం చెరిపేసింది. "థాంక్యూ అంకుల్. బొలీవియాలో ఇది కామన్, ఇక పేపర్‌కి ఏం లేదు," అంది.

కారు నడిపింది కళావతి. ఇంటి ముందు బండి ఆపాక అడిగింది.

"ఈ గుండె పరీచ్చ ఏడాదికోసారా?"

"అవును."

"ఎన్నాళ్ళు?"

"బతికినన్నాళ్ళూ."

"అయితే ప్రతిసారీ నేనూ లోపలికొస్తా," అంది తాళంచెవి తీస్తూ. "డాక్టరు ముందు కూర్చుంటేనే మీ నోట్లోంచి నిజం ఊడిపడేట్టుంది."