ఇరుసు మీద బరువు

చీపురు కర్రని ఎంత పొడవు కోయాలో మాత్రం చెప్పకుండా పోయాడు ఈ మనిషి, కారవాన్‌ని కారుకి తగిలించే ముక్కు కింద బాత్రూంలో ఉన్న తూకం పెట్టు, దాని మీద కర్ర నిలబెట్టు, ముక్కుని కర్ర మీదకి దించు, ముల్లు డెబ్బై ఐదు దాటకపోతే చాలు, రెండు నిమిషాల పని, అని టీ సగంలో వదిలేసి కలప అడితికి వెళ్ళిపోయాడు కర్టిస్, రెండు నిమిషాలట, ఎవరికి రెండు నిమిషాలు, రేపు సాయంత్రం హల్ రేవులో ఓడ ఎక్కాలి, తెల్లారితే హాలండ్, అక్కడ రోడ్డుకి కుడి పక్కన నడపాలి, కారు దీపాల వెలుగు ఎదుటివాళ్ళ కళ్ళలో కొట్టకుండా అతికించే బిళ్ళలు ఇంకా అతికించనేలేదు, పక్క అద్దాలు బిగించలేదు, గ్యాస్ బండకి కట్టు సరిగ్గా ఉందో లేదో చూడలేదు, ఇంటి ముందు సిమెంటు వాలులో ఒక చేత్తో రంపం, ఒక చేత్తో చీపురు పట్టుకుని నిలబడి కేలీ ఆ పాత తెల్ల కారవాన్, కారు వెనక లాక్కెళ్ళే ఆ చక్రాల ఇంటి వంక చూస్తూ ఉంది, లోపల్నించి డెయిజీ బొమ్మకి అన్నీ వివరంగా చెప్తోంది, ఇది హాలండ్, ఇక్కడ అల్లరి చేస్తే ఓడవాళ్ళు కోప్పడతారు అని, కోప్పడకుండా ఎలా ఉంటారు, కొత్త దేశం, తెలియని రోడ్లు, హంబర్ వంతెన మీద గాలి ఒక్కటి చాలు ఈ డబ్బాని నీళ్ళలోకి తోసెయ్యడానికి, బళ్ళో ఊగుడుబల్ల బొమ్మ గీసి ఎటు బరువుంటే ఏమవుతుందో చెప్పిన రోజున తను మరుగుదొడ్లో వాంతి చేసుకుంటూ ఉంది, పదహారేళ్ళు, కడుపులో డెయిజీ, తర్వాత ఇక బడి లేదు, పరీక్షలు లేవు, అందుకే ఈనాటికీ బరువు, కొలత అన్న మాట వినపడితే చాలు, ఆ ఒక్క పాఠం లోకంలో అందరికీ వచ్చు, తనకే రాదు అన్నట్టు అరచేతులు చెమట పట్టేస్తాయి, ఉండనీ, మోకాలి ఎత్తు కోద్దాం, కోసింది, నిలబెట్టింది, ముక్కుని దించింది, ముల్లు ముప్పై మీద ఆగింది, ముప్పయ్యేనా, ఇంత పెద్ద బండికి డెయిజీ కంటే కాస్త ఎక్కువా.

అదేంటే పిల్లా, కారవాన్‌కి జ్వరమా, అని గోడ అవతల నించి నవ్వు, పక్కింటి బెరిల్, ఆవిడ చేతిలో ఎప్పుడూ ఉండే టీ కప్పు, కాలికి చెప్పుల బదులు చనిపోయిన మొగుడి బూట్లు, ముప్పయ్యేళ్ళు ఆ నార్మన్ పక్కన కూర్చుని కారవాన్ లాగించుకుంటూ ఫ్రాన్సు దాకా వెళ్ళొచ్చిన మనిషి, ముందు ఆ చిన్న చక్రం పైకి తిప్పు తల్లీ, అది నేలకి ఆనుకుని ఉంటే తూకం ఏం చెప్తుంది, సన్నబడే క్లబ్బులో నేనూ అట్లాగే ఒక చెయ్యి బల్ల మీద ఆనించి తూకం ఎక్కేదాన్ని, వారం వారం చప్పట్లు కొట్టేవాళ్ళు, అంటుంటే కేలీకి నవ్వు రాలేదు కానీ మర్యాదకి నవ్వింది, చక్రం పైకి తిప్పింది, కర్ర కిర్రుమంది, ముల్లు గిర్రున తిరిగి తొంభై దాటి వణుకుతూ నిలబడింది, తొంభై, బెరిల్ ఆంటీ, తొంభై చూపిస్తోంది, అంది కేలీ, అమ్మో, అంత బరువు ఏం దాచావే ముందర, మీ ఆయన బీరు డబ్బాలా, ముందు బరువు ఎక్కువైతే కారు వెనక్కి కూలబడి మూతి ఆకాశానికి ఎత్తుతుంది, స్టీరింగు నీ మాట వినదు, పోనీ అని వెనక్కి సర్దావో బండి తోక ఆడిస్తుంది, ఆ వంతెన మీద ఒకసారి ఆడించింది చూడు, మా నార్మన్ ఆ రోజు ప్యాంటు మార్చుకున్నాడు, నేను చెప్పానని పైకెళ్ళాక ఆయనకి చెప్పకేం, బరువైనది ఏదైనా సరే నట్టనడుమ, ఇరుసు మీద, నేలకి ఆనించి పెట్టాలి, ఇరుసు మోస్తుంది, దాని పనే అది, మరి నాలుగు టీ పొట్లాలు ఎక్కువే పెట్టుకో, హాలండ్ వాళ్ళు గోరువెచ్చని నీళ్ళిచ్చి అదే టీ అంటారు, అని కప్పు ఖాళీ చేసి లోపలికి తిరిగి, మళ్ళీ ఆగి, ఈసారి నవ్వకుండా, చూడమ్మా, ఆ రెండు ఆదివారాలూ ఆ మూలకి నేను వెళ్ళొస్తాలే, గడ్డి అదీ పీకేసి వస్తా, నువ్వు దాని గురించి బెంగ పెట్టుకోకు, అంది.

దాని గురించి బెంగ పెట్టుకోకు, ఎవరికీ చెప్పలేదే తను, అద్దాలకీ బిళ్ళలకీ వంతెనకీ భయపడుతున్నానని ఇంటిల్లిపాదికీ చెప్పింది కానీ అసలు భయం ఇదని ఎవరికీ చెప్పలేదే, ఊరి చివర శ్మశానంలో పసిపిల్లల మూల, రంగు కాగితాల గాలి గిరగిరలు, వాటి మధ్య రూబెన్, నిరుడు అక్టోబరులో పుట్టి ఒక్కసారైనా ఏడవని రూబెన్, ఆ రోజు నించి ఒక్క ఆదివారం తప్పలేదు ఆమె, వానలో వెళ్ళింది, మంచులో వెళ్ళింది, గిరగిర రెక్క విరిగితే మార్చింది, ఇప్పుడు తనకీ వాడికీ మధ్య ఒక సముద్రం వస్తుంది, వాడేమో ఇక్కడ ఒక్కడూ, అమ్మ ఏదీ అని అడగడం కూడా తెలియనివాడు, ఎలా వెళ్తావు కేలీ, ఎట్లా కాలు కదుపుతావు, ఇవాళ రాత్రి కర్టిస్ రాగానే చెప్పెయ్యాలి, నువ్వూ డెయిజీ వెళ్ళండి, నేను రాను అని, అతనికేం, అతను మర్చిపోయాడు, మర్చిపోవడానికే ఈ ప్రయాణం, ఏప్రిల్లో టికెట్లు తెచ్చి బల్ల మీద పెట్టి మనకి కాస్త గాలి మార్పు కావాలి కేలీ అన్నాడు, గాలి మార్పట, ఆసుపత్రి నించి వచ్చేసరికే గది ఊడ్చి పెట్టేశాడు ఈ మనిషి, గోడకి అతికించిన చేప బొమ్మలు లేవు, చిన్న చొక్కాలు లేవు, అన్నిటికన్నా ఉయ్యాల లేదు, అతను తన చేత్తో చేసిన, కింద వంపు చెక్కల మీద ఊగే ఉయ్యాల, అడితి నించి మంచి చెక్క ఏరి తెచ్చి వేసవంతా వెనక పెరట్లో చిత్రిక పట్టిన ఉయ్యాల, ఏదీ అంటే ఇచ్చేశాను అన్నాడు, ఎవరికీ అంటే ఆ పాత సామాన్ల దుకాణంలో అన్నాడు, అంతే, మళ్ళీ ఆ మాట లేదు, వాడి పేరు కూడా ఎత్తడు, సాయంత్రం అయితే చాలు, కారవాన్‌కి చెమ్మ పట్టిందేమో చూసొస్తా అని టార్చి పట్టుకుని బయటికి, చలికాలమంతా అదే పని, గంట సేపు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, తను వంటింటి కిటికీలో గిన్నెలు కడుగుతూ కారవాన్ అద్దంలో ఆ చిన్న వెలుతురు చూసేది, ఈ రేకు డబ్బాకి చెమ్మ పడుతుందని ఉన్న బెంగ కొడుకు మీద లేదు కదా అనుకునేది, అనుకుని గిన్నె గట్టిగా పెట్టేది, చొక్కాల సంగతి అడిగినా అంతే, నీ నీలం చొక్కాలు నాలుగు కనపడట్లేదేంటి అంటే చిరిగిపోయాయి అన్నాడు, చిరిగితే గుడ్డలకైనా ఉంచొద్దా, ఈ ఇంట్లో పోయినవి పోయినట్టే, అడగకూడదు.

అమ్మా, హాలండ్‌లో ఆకలేస్తోంది, అని డెయిజీ తలుపులోంచి తల పెట్టింది, వస్తున్నా బంగారం, ముందు ఈ బరువు సంగతి చూడనీ, గ్యాస్ బండ చిన్నదే, నిరుడు ఉన్నదే, గుడారం కర్రలు నిరుడు ఉన్న చోటే, బీన్సు డబ్బాలు తనే ఇరుసు మీద సర్దింది, మరి ఈ పదిహేను కిలోలు ఎక్కడివి, ముందు సోఫా కింద పెట్టె మాత్రం తను తెరవలేదు, అది నేను సర్దాను నువ్వు కదపకు అన్నాడు కర్టిస్, దుప్పట్లేగా, దుప్పట్లకి ఇంత బరువా, దిండ్లు లాగి పడేసింది, పలక ఎత్తింది, దుప్పట్లు, వాటి కింద ఇంకా దుప్పట్లు, వాటి కింద నీలం, చొక్కాలు, ఇవిగో చొక్కాలు, చిరిగిపోయాయన్నావే అబద్ధాలకోరు, అని కోపంగా ఒకటి లాగితే అది రాలేదు, బరువుగా ఉంది, గట్టిగా ఉంది, గుండీలన్నీ పెట్టి ఉన్నాయి, చేతులు చుట్టూ తిప్పి ముడి వేసి ఉన్నాయి, పసిపిల్లని చుట్టినట్టు చుట్టి ఉంది, ఆమె ముడి విప్పింది, లోపల వంపు తిరిగిన చెక్క, నున్నగా, మైనం వాసనతో, ఆ వంపు దేనిదో చూపు కంటే ముందు అరచేతికి తెలిసింది, రెండో చొక్కాలో రెండో వంపు, మూడో దాంట్లో కమ్మీలు, నాలుగో దాంట్లో అడుగు పలక, పలకకి టేపుతో అంటించిన అగ్గిపెట్టె, కదిపితే లోపల మర మేకుల చప్పుడు, ఒక్క మేకు కూడా పోకుండా దాచినవాడు దుకాణంలో ఎందుకు ఇస్తాడు, ఇయ్యలేదు, ఇయ్యనే లేదు, మరి అంత మాట నాతో ఎందుకన్నావు కర్టిస్, చలికాలమంతా నేను లోపల ఏడుస్తుంటే నువ్వు ఇక్కడ, ఈ సోఫా మీద, టార్చి పెట్టుకుని, చెమ్మ చూడ్డం కాదు, చెమ్మ కాదు, చెక్కకి కొత్తగా మైనం పెట్టావు, ఇదిగో వాసన ఇంకా పోలేదు, అవతల కిటికీలో నేను, ఇవతల నువ్వు, మధ్యలో నాలుగడుగుల సిమెంటు వాలు, అదేంటమ్మా అని డెయిజీ వచ్చి పక్కన కూర్చుంది, తమ్ముడి ఉయ్యాల, అంది కేలీ, మాట బయటికి వచ్చేశాక ఆమెకే వింతగా ఉంది, ఓ, తమ్ముడు కూడా ఓడ ఎక్కుతాడా, అంది డెయిజీ, ఓడ ఎక్కడం అన్నదే తప్ప ఆ పిల్లకి మరేం వింతగా లేదు.

తమ్ముడు కూడా, ఆ మాట ఎక్కడో విన్నదే, తన మాటే, నిరుడు జులైలో మేబుల్‌తోర్ప్ తీరంలో ఇదే కారవాన్ మెట్టు మీద కూర్చుని, కాళ్ళు వాచి, ఐస్‌క్రీం మోచేతి దాకా కారుతుంటే, కడుపు మీద అతని చెయ్యి లాక్కుని పెట్టుకుని, వీడు తంతున్నాడు చూడు, వచ్చే ఏడు ఇట్లా ఇంటి పక్కనే కాదు, సముద్రం దాటి వెళ్దాం, నలుగురం వెళ్దాం అంది, అతను అప్పుడూ పెద్దగా ఏమనలేదు, సరే కేలీ అన్నాడు, అంతే, అతను ఎప్పుడూ అంతే, మాట అనే మనిషి కాదు, అన్న మాటని చెక్కలా పట్టుకుని కూర్చునే మనిషి, టికెట్లు తెచ్చింది గాలి మార్పుకి కాదు, మర్చిపోవడానికి కాదు, వెళ్దామన్నది తనే కదా, నలుగురం అన్నది తనే కదా, దించిన ముక్కు పైకి లేపలేదని గుర్తొచ్చింది ఆమెకి, తూకం పాపం ఇంకా మోస్తోంది, లేచి ముందు పెట్టె మూసింది, చొక్కాలు మళ్ళీ కట్టింది, అతను కట్టినట్టే, చేతులు చుట్టూ తిప్పి, ఒక్కొక్కటే ఎత్తి కారవాన్ నట్టనడుమ ఇరుసు మీద, నేలకి ఆనించి, డెయిజీ దుప్పటి కింద పరిచి వరసగా పడుకోబెట్టింది, కిందకి దిగి చూస్తే ముల్లు డెబ్బై ఐదుకి ఇవతలే నిలబడి ఉంది, వణకట్లేదు, అప్పుడే వీధి మలుపులో వ్యాన్ ఆగింది, కర్టిస్ జుట్టులో రంపపు పొట్టుతో వచ్చి తలుపులో నిలబడ్డాడు, నేల మీద నీలం చూశాడు, ముందర బరువెక్కువైంది, ఇక్కడికి మార్చాను, అంది ఆమె, నేను చెబుదామనే, అన్నాడు, నీకు ఎట్లా చెప్పాలో, రూబెన్‌ది ఎట్లా పారేస్తాను కేలీ, అన్నాడు, ఆ పేరు అతని నోట ఎనిమిది నెలల తర్వాత, కొంచెం వంకరగా, వాడుక పోయిన మాటలా వచ్చింది, తెలుసు, అంది, తెలియదు అప్పటిదాకా, కానీ ఇప్పుడు తెలుసు, తాడు పట్టుకురా, ఓడలో కదలకుండా కడదాం, అంది, అతను తాడుకి వెళ్ళాడు, పిల్లాడి మూలకి బెరిల్ ఆంటీ వెళ్తుంది, గిరగిరలు ఆగవు, ఎదుటివాళ్ళ కళ్ళలో పడకుండా దీపాలకి బిళ్ళలు అతికించాలి, అద్దాలు బిగించాలి, వంతెన మీద గాలి ఉంటుంది, ఉండనీ, తను ఎవరినీ వదిలి వెళ్ళట్లేదు, అతను కూడా ఎవరినీ వదల్లేదు, నలుగురూ వెళ్తున్నారు.