ముప్పై అంగల తూటా

ఆ పొద్దు ఆకాశం తెల్లారీ తెల్లారనట్టు ఉండె. సముద్రం మీదికెల్లి వచ్చిన మంచు కొండల దాకా పోలేక ఖర్జూర తోటల మీదనే కూసున్నది. పొద్దు ఎక్కడున్నదో ఆనవాలు లేదు. తూర్పు దిక్కు కొంచెం ఎక్కువ తెల్లగ ఉన్నదంతే. పశువుల గడ్డి మడికి నీళ్లు మలుపుకుంట భూమయ్య అటే చూసిండు. ధర్మపురి అవతల, గోదారొడ్డు అడవి పక్కన పుట్టినోడు. మస్కట్ అవతల ఖబూరాకు తోటపనికి వచ్చి ఏడాదైనా, మబ్బు చూస్తే ముందుగాల వేటే యాదికొస్తది.

తోట ఆసామి హమద్ గట్టు మీద వచ్చి నిలవడ్డడు. డెబ్బై ఏండ్ల ముసలాయన. చేతిల కొత్త రైఫిల్, పోరగాళ్ల ఆటవస్తువంత చిన్నది.

"బూమా, పార ఇడిసిపెట్టు. అంగడికి పోయొద్దాం" అన్నడు, వచ్చీరాని ఉర్దూల.

ఎందుకో భూమయ్యకు తెలుసు. హమద్ ఒకప్పుడు మూడు వందల అంగల దూరంకెల్లి జింకను పడగొట్టినోడు. పోయినేడు ఖర్జూర చెట్టు మీదికెల్లి పడి కుడి భుజం విరగ్గొట్టుకున్నడు. పాత పెద్ద రైఫిల్ తన్నుడుకు ఆ భుజం ఆగదు. అందుకే మస్కట్‌ల ఫౌజుల ఉన్న కొడుకు ఈ చిన్నదాన్ని పంపిండు.

పోయిన శుక్రవారం దోస్తులు ఆయనను పిలువకుండనే వేటకు పోయిండ్రు. వచ్చేటప్పుడు ఒక జింక తొడ పంపిండ్రు. మగదిక్కు లేని ఇండ్లకు, మొగడు సచ్చిన ఆడోళ్లకు అట్ల వాటా పంపుడు అక్కడి ఆనవాయితీ. ఆయన భార్య జైనబ్ వండి పెడితే హమద్ గిన్నెను దూరం జరిపిండు. భూమయ్య వాకిట్లకెల్లి చూసిండు. తమ ఊళ్ల కూడ వేటకు రాలేని ఇంటికి వాటా పోతది. తినేటోనికి ఆ కూర ఎందుకు గొంతు దిగదో భూమయ్యకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

అంగడిల మొయినుద్దీన్ ఉన్నడు. కడప మనిషి. బియ్యం, కిరసనాయిలు, చేపల గాలాలు, తూటాలు, అన్నీ ఒక్క బల్ల మీదనే అమ్ముతడు.

"ఏం భూమన్నా, ముసలాయప్పను ఎంటబెట్టుకోని యాడికి? యాటకా?"

"తూటాలు చూపెట్టు. ముచ్చట తరువాత."

మూడు డబ్బాలు బల్ల మీద పెట్టిండు. మొదటి డబ్బాలవి పొడుగువి. "ఇవి గట్టియి" అన్నడు. హమద్ ఒకటి పెట్టి చూసిండు. రైఫిల్ గడియ పడలేదు. భూమయ్య దాన్ని తీసి డబ్బాలనే పెట్టి, "ఇవి దీంట్లయి గావు" అన్నడు. రెండో డబ్బాల తూటాలకు ముక్కు కాడ గుంట ఉన్నది.

"ఇది తగిల్నాక లోపల పువ్వు మాదిరి ఇచ్చుకుంటాదంట" అన్నడు మొయినుద్దీన్.

హమద్ కండ్లు మెరిసినయి. భూమయ్య ఒకటి తీసి వేళ్ల నడుమ తిప్పి చూసిండు.

"కుందేలుకైతే ఇదే మంచిది, బాబా. జింకకు గాదు. బొక్కకు తాకంగనే ఇచ్చుకుంటది, లోపలికి పోదు. పైపైన పుండైతది. జింక ఉరుకుతది."

"మరి ఇది?" మూడో డబ్బాలది. ముక్కు నున్నగ ఉన్నది.

"ఇది లోపలికి పోతది. కానీ సూది బెజ్జమంత తొవ్వ చేసుకుంట పోతది. కడుపుల తాకినా, రొమ్ముల తాకినా ఉరికి ఎక్కడో పడి సస్తది. చెవి మొదట్ల తాకితేనే నిలవడ్డకాడ కూలుతది. ముప్పై అంగలు దాటితే కొట్టొద్దు."

మొయినుద్దీన్ పకపక నవ్విండు. "ముప్పై అంగలా! అంత దగ్గరికి పోయేదుంటే తుపాకెందుకన్నా, కొమ్ములు పట్టుకోని ఇంటికి తోలుకోని రాకూడదా?"

హమద్ నవ్వలేదు. "మూడు వందల అంగల నుంచి కొట్టినోణ్ణి. నాకు ముప్పై చెప్తున్నవా?"

"మీ కన్నుకు చెప్తలేను, బాబా. తూటాకు చెప్తున్న."

"పందుల దేశపోడివి. జింక సంగతి నీకేమెరుక?"

భూమయ్య గుంట తూటాల డబ్బాకు మూత పెట్టిండు. ఎన్నడూ ఎవలకూ చెప్పని ముచ్చట చెప్పిండు.

"పంది కాడనే నేర్చుకున్న. మా ఊళ్ల నాటు తుపాకిల గుళ్లు పోసి దట్టించేటోణ్ణి నేను. కొట్టేటోడు మా తమ్ముడు లచ్చన్న. మక్కచేన్లకు పంది వచ్చింది. పెద్ద గుళ్లు అయిపోయినయి. దగ్గర్నే ఉన్నది గదా అని కౌజు పిట్టలను కొట్టే సన్న గుళ్లే పోసి దట్టించిన. వానికి చెప్పలేదు. పంది పడలేదు, మర్లవడ్డది. వాని తొడ చీరింది. బండి దవాఖాన మొఖం చూడకముందే వాడు పోయిండు."

హమద్ అడిగిండు.

"పంది?"

"నాలుగో దినం ముండ్లకంపల దొరికింది. గుళ్లన్నీ తోలు కిందనే ఉన్నయి. ఒళ్లంత పురుగులు. తన్నుకులాడి తన్నుకులాడి సచ్చింది, పాపం."

హమద్ నున్నటి ముక్కు తూటాల డబ్బా తీసుకొని జేబుల ఏసుకున్నడు.

మాపటీల ఇద్దరూ కొండల దిక్కు పోయిండ్రు. ఎండిన వాగుల భూమయ్య వంగి జాడ చూసుకుంట నడిచిండు. ఒక్క జింక గిట్టల గుర్తులే, ఈ పొద్దుటివే. తుమ్మకాయల కోసం వచ్చిపోతున్నది. గాలి మొఖానికి కొట్టేటట్టు చుట్టు తిరిగి వచ్చి, ముసలాయనను బండ చాటుకు కూసోబెట్టిండు. అక్కడికెల్లి అంగలు లెక్కబెట్టుకుంట పోయి, ముప్పై కాడ ఒక తెల్లరాయి పెట్టి వచ్చిండు. హమద్ గొట్టాన్ని ఆ రాయికి గురిపెట్టి చూసుకున్నడు.

పొద్దు కొండకు ఆనంగ జింక వచ్చింది. సన్నటి కాళ్లు, పొడుగు మెడ. తుమ్మ చెట్టు కింద కాయలు ఏరుకుంట, ఒక్కో అడుగు వేసుకుంట రాయి దిక్కే వస్తున్నది. రాయికి అవతలనే ఆగింది. పక్కకు తిరిగింది. చెవి మొదలు కూడ కనవడుతున్నది.

హమద్ రైఫిల్ ఎత్తిండు. నొప్పి భుజానికి ఆ చిన్న రైఫిల్ బరువే లేదు. గొట్టం వణుకలేదు. భూమయ్య పక్కనే వంగి కూసున్నడు. 'వద్దు' అంటే జింక ఉరుకుతది. అనకపోతే పుండుతోని ఉరుకుతది. ముసలాయన పెదవులు కదిలినయి. కొట్టే ముందు దేవుని పేరు తలుచుకుంటరు వాళ్లు. 'బిస్' అన్నంత మటుకే ఇనవడ్డది.

మిగిలిన మాట రాలేదు. గొట్టం మెల్లగ కిందికి దిగింది. జింక ఇంకో రెండు కాయలు నమిలి, ఎనుకకు మర్లి, తొందర లేకుండ కొండ మలుపుల కలిసిపోయింది.

"ఎన్ని అంగలు?" అన్నడు హమద్.

"నలభై, బాబా."

"నలభై" అన్నడు తను కూడ. రైఫిల్‌ల ఉన్న తూటా తీసి జేబుల ఏసుకున్నడు.

తోట తొవ్వల సయీద్ ఎదురయ్యిండు. తొడ పంపిన దోస్తు ఆయనే. ఉత్త చేతులు చూసిండు.

"ఏం హమద్, తుపాకి చప్పుడే ఇనరాలేదు?"

"దూరముండె."

"ఎంత దూరం?"

"నలభై అంగలు."

సయీద్ నవ్వబోయి, మొఖం చూసి ఆగిండు. "పోనియ్యి. శుక్రవారం మేం పోతున్నం, నీ వాటా పంపుతంలే."

"వాటా పంపకు" అన్నడు హమద్. "నన్ను పిలువు. దూరమున్నది మీరు కొట్టుండ్రి, దగ్గరికొచ్చింది నేను కొడ్త. జాడ ఈ బూమా చూస్తడు."

సయీద్ ఇద్దరి దిక్కూ చూసిండు. గడ్డం నిమురుకున్నడు. "చీకట్లనే పోతం. లేచి ఉండు మరి" అని, హమద్ మంచి భుజం మీద చెయ్యేసి పోయిండు.

జైనబ్ పెద్ద పళ్లెంల అన్నం, ఎండు చేపల కూర పెట్టింది. నిమ్మకాయ కోసి పెట్టింది. భూమయ్య రోజూ లెక్కనే తన గుడిసె దిక్కు మర్లిండు, పొయ్యి అంటుపెట్టుకుందామని. హమద్ చాప మీద పక్కకు జరిగి, పళ్లెం అంచును ఆయన దిక్కు తిప్పిండు.

భూమయ్య కాళ్లు చేతులు కడుక్కొని వచ్చి కూసున్నడు. హమద్ ముండ్లు తీసి చేప ముక్క ఆయన వైపు పెట్టిండు. ఇద్దరూ ఒక్క పళ్లెంలనే తిన్నరు.