పూడిక తీసిన బావి

పన్నెండున్నరకి చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో బండలు పెనంలా కాలిపోతున్నాయి. చెప్పులు విడిచిన చోటు నుంచి మండపం నీడ దాకా పదిహేను అంగలుంటుంది. హైదరాబాదు నుంచి వచ్చిన దీపిక ఆ పదిహేనూ గెంతుకుంటూ దాటి, స్తంభాన్ని పట్టుకుని ఒక పాదం మీద ఇంకో పాదం పెట్టి నిలబడింది. సువార్త మామూలుగా నడిచి వచ్చింది. పెళ్ళికి ముందు ఆరేళ్ళు బండల ఫ్యాక్టరీలో ముక్కలెత్తిన మనిషి. మాచర్ల రాయికీ ఆమె అరికాళ్ళకీ పాత పరిచయమే.

"అన్ని కులాల వాళ్ళనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించారని బ్రహ్మనాయుడి గురించి చెప్పుకుంటారు మేడం. దాన్నే చాపకూడు అంటారు" అంది సువార్త. ఇది ఆమె గైడు భాష. ఇంట్లో ఈ భాష మాట్లాడితే మొగుడు నవ్వుతాడు.

"ఆ చాపలు మా వాళ్ళే ఇచ్చుంటారండీ" అన్నాడు వెనక నుంచి వెంకటేష్.

వెంకటేష్ బండల ఫ్యాక్టరీ ఓనరు వీరయ్యగారి తమ్ముడి కొడుకు. ఈ రోజు ఊరు చూపించేటప్పుడు కాపలాగా వచ్చాడు. పొద్దున లాడ్జి దగ్గర కారెక్కేటప్పుడు అతని మాటల్లో వాళ్ళ ముత్తాత ఊళ్ళో పెద్ద రైతు. చంద్రవంక వాగు ఒడ్డుకి వచ్చేసరికి చెరువులు తవ్వించాడు. గుడి గాలిగోపురం దగ్గర ఆయనకి కత్తి కూడా వచ్చింది. ఇంకో రెండు చోట్లు చూపిస్తే ఆయన పల్నాటి యుద్ధంలో దిగేట్టున్నాడని సువార్త అనుకుంది గానీ, పైకి తల మాత్రం ఊపింది.

దీపిక దర్శనానికి లోపలికి వెళ్ళింది. సువార్త ధ్వజస్తంభం దగ్గరే ఆగింది. రావద్దని ఆమెతో ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. తొమ్మిదేళ్ళుగా చాపకూడు కథ ఆమె ఈ బయటి బండ మీద నిలబడే చెబుతోంది.

దీపిక అటు వెళ్ళగానే వెంకటేష్ గొంతు మారింది.

"కాయితం గుర్తుందా?"

"ఉంది బాబూ."

"ఒక్క ముక్క తేడా రాకూడదు. పెదనాన్న మరీ మరీ చెప్పాడు."

కాయితం సువార్త చేతిసంచిలో ఉంది. నిన్న సాయంత్రం వీరయ్యగారు ఇంటికి పిలిపించి ఇచ్చాడు. అందులో నాలుగంటే నాలుగే వాక్యాలు. కారెంపూడి రోడ్డు పక్కన పేటని ఆనుకుని ఉన్న రాళ్ళబావిని వీరయ్యగారి తాతగారు సొంత ఖర్చుతో తవ్వించారు. ఊరికి దానం చేశారు. నేటికీ ఆ కుటుంబమే సంరక్షిస్తోంది. ఇకముందు కూడా సంరక్షించగలదు.

దీపిక పనిచేసే సంస్థ పాత దిగుడు బావుల్ని బాగుచేయిస్తుంది. బాగుచేశాక కట్టించిన కుటుంబానికే అప్పగిస్తుంది. చుట్టూ కంచె, ముందు గేటు, గేటు మీద బోర్డు. గేటు తాళం బోర్డు మీద పేరున్న వాళ్ళ దగ్గర ఉంటుంది. బావి పక్కన నాలుగు గదులు కట్టి, నాగార్జునకొండ చూసి వచ్చేవాళ్ళకి అద్దెకివ్వాలని వీరయ్యగారి ఆలోచన. సువార్త వాళ్ళ పేటలో ముప్పైనాలుగు ఇళ్ళున్నాయి. కుళాయి మూడు రోజులకోసారి వస్తుంది. ట్యాంకరు వాడు డ్రమ్ముకి యాభై తీసుకుంటాడు. మిగతాదంతా రాళ్ళబావే.

బావి ఎవరు తవ్వారో పేటలో అందరికీ తెలుసు. కరువు ఏడాది, ఊరి బావి దగ్గరికి రానివ్వకపోతే, పేట వాళ్ళే రాయి కొట్టి తవ్వుకున్నారు. నీళ్ళు తియ్యగా పడ్డాయి. పడ్డాక ఊరు వచ్చింది. ఆ తర్వాత తవ్విన వాళ్ళు మెట్లు దిగకూడదనే ఆచారం కూడా వచ్చింది. పేట ఆడవాళ్ళు పైన పోతబండ మీద బిందె పెట్టుకుని నిలబడితే, దయ కలిగినప్పుడు ఎవరో ఒకరు పైనుంచి పోసేవాళ్ళు. ఏడాదికి ఒక్క రోజు మాత్రం ఆ ఆచారానికి సెలవు. పూడిక తీయాలి కదా. బురదలో దిగడానికి ఊరివాళ్ళు ఎవరూ పోటీ పడేవాళ్ళు కాదు.

ఇదంతా వీరయ్యగారికీ తెలుసు. అందుకే నిన్న బావి గురించి ఆయన ఎక్కువ మాట్లాడలేదు. దానియేలు గురించి మాట్లాడాడు. సువార్త మొగుడు దానియేలు పదకొండేళ్ళుగా ఆయన ఫ్యాక్టరీలోనే బండలు పాలిష్ పడతాడు, రోజుకి ఆరు వందలు.

"ఈమధ్య చానా దగ్గుతున్నాడంట గదమ్మా" అన్నాడు వీరయ్యగారు, సొంత తమ్ముణ్ణి తలుచుకున్నట్టు. "దుమ్ములో ఎందుకులే, మానిపిద్దామా అనుకుంటన్నా. ఏం చేద్దామో రేపు సాయంత్రం నువ్వే చెప్పు."

సువార్త కాయితం మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేసింది. రాత్రి దానియేలుకి అంతా చెప్పింది. అతను, నీ ఇష్టం అన్నాడు. పదకొండేళ్ళ తర్వాత ఇంకో ఫ్యాక్టరీ వాడు ఆ దగ్గుని పనిలో పెట్టుకోడని ఇద్దరికీ తెలుసు.

వాళ్ళ మాటలు విన్నది అత్త రామాయమ్మ. పొద్దున సువార్త చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"ఏమే, బాయిలో నీళ్ళన్నీ తోడేశారంట గదా?"

"ఫోటోల కోసం అత్తా. అడుగు దాకా కడిగించారంట."

"అడుగు మెట్టు బయటపడ్డదా?"

రామాయమ్మ ఈ మాట నలభై ఏళ్ళుగా అంటోంది. అడుగు మెట్టు మీద తన మామ జక్రయ్య పేరుందనీ, తవ్విన పదిహేడు మంది పేర్లూ ఆయనే ఉలితో చెక్కాడనీ, మిషను బళ్ళో అక్షరాలు నేర్చుకున్నది పేట మొత్తానికి ఆయనొక్కడేననీ. పూడిక తీసేటప్పుడు ఆ మెట్టు చూసినవాళ్ళెవరూ ఇప్పుడు మిగల్లేదు. బోర్లు వచ్చాక ఊరు బావిని పేటకే వదిలేసి, పూడిక తీయించడం మానేసి ముప్పై ఏళ్ళయింది. నిండు ఎండాకాలంలోనూ అడుగున నాలుగు మెట్లు బురదలోనే ఉండేవి. ముసలామె మామగారి మీద అభిమానంతో చెబుతోందని దానియేలు కొట్టిపారేసేవాడు. సువార్త కొట్టిపారేయలేదు గానీ, నమ్మనూ లేదు. గైడు కదా, చూపించలేని దాన్ని చెప్పకూడదనేది ఆమె నియమం.

కారు కారెంపూడి రోడ్డు ఎక్కింది. ముందు సీట్లో కూర్చున్న వెంకటేష్ బావి శుభ్రం చేయించిన గొప్పంతా దీపికకి వివరించాడు. రెండు మోటార్లు, మూడు పగళ్ళు. బొల్లాపల్లి నుంచి ట్రాక్టరులో పద్నాలుగు మంది కూలీలు, మనిషికి ఏడు వందలు, మధ్యాహ్నం కోడికూర. చివరి రోజు ఇనుప బ్రష్షులతో ఒక్కొక్క మెట్టూ రుద్దించాడట.

పక్కనే పేట ఉంటే అంత దూరం నుంచి మనుషుల్ని ఎందుకు తెచ్చారని దీపిక అడిగింది.

"వీళ్ళని దింపితే రేపు మాదే అంటారండీ" అన్నాడు వెంకటేష్ నవ్వుతూ. వెనక సీట్లో సువార్త ఉందని అప్పుడు గుర్తొచ్చి, "మన సువార్తమ్మ అట్టాంటిది కాదులే" అని సర్దాడు.

సువార్త కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఇనుప బ్రష్షు అన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయింది. బొల్లాపల్లి వాళ్ళకి ఆ మెట్టు మీద ఏముందో ఏం తెలుసు? ఉంటే అది కూడా రుద్దే ఉంటారు. పేట వాళ్ళని దింపి ఉంటే ఈపాటికి ముప్పైనాలుగు ఇళ్ళకీ తెలిసేది, వెంకటేష్‌కీ తెలిసేది. మరి ఇతను చూసుకోలేదా?

"మీరు అడుగు దాకా దిగారా బాబూ?" అంది.

"నేనెందుకు దిగుతా? మా ఇంట్లో ఎవరూ దిగరు. పైనుంచి వీడియో తీయించా."

సువార్త సంచిని ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది.

బావి దగ్గర ఎవరూ లేరు. ఆ పూట నీళ్ళకి రావద్దని పేటలో ముందే చెప్పించారు. పోతబండ మీద మాత్రం రామాయమ్మ ఖాళీ ప్లాస్టిక్ బిందె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషిని ఎవరు లేపుతారు? వెంకటేష్ ఒకసారి చూసి, ఫోటోలో బాగానే ఉంటుందని వదిలేశాడు.

నలభై ఒక్క మెట్లు. కడిగిన రాయి ఎండకి నల్లగా నిగనిగలాడుతోంది. అడుగున ఊట మళ్ళీ మొదలై, నీళ్ళు బెత్తెడు లోతున ఊరుతున్నాయి. అడుగు మెట్టు గోడ నీడలో ఉంది. పైనుంచి ఏమీ కనిపించడం లేదు.

వెంకటేష్ గొడుగు తెరిచాడు. దీపిక ఫోనులో రికార్డింగు పెట్టి, దీని చరిత్ర చెప్పమని అడిగింది. ఇది తమ సంస్థ ఫైలులోకి వెళుతుందని కూడా అంది.

"ఈ బావిని..." అంది సువార్త.

కాయితంలో మాటలు నోటికి వచ్చాయి. నాలుగు వాక్యాలు, అర నిమిషం పని. చెప్పేస్తే రేపు దానియేలు యథాప్రకారం పాలిష్ మిషను ముందు కూర్చుంటాడు, ఆరు వందలు తెస్తాడు, దగ్గుతాడు. ట్యాంకరు డ్రమ్ములు ఇంకో రెండు కొనుక్కోవాలి, అంతే. ముసలామె వైపు చూడకపోతే సరిపోతుంది. సువార్త చూసింది. రామాయమ్మ ఇటు చూడడం లేదు. చిన్నప్పుడు పోసేవాళ్ళ కోసం ఎదురుచూసినట్టే, బిందె మూతిని పైకి పెట్టుకుని మెట్ల వైపు చూస్తోంది.

"ఈ బావిని..." అని సువార్త మళ్ళీ మొదలుపెట్టి, ఆగి, చెప్పులు విడిచింది. "కిందికి దిగి చెబుతాను మేడం. ఇక్కణ్ణించి నాకు కనపట్టంలా."

వెంకటేష్ గొడుగు పక్కకి ఒరిగింది. "ఇక్కణ్ణించే చెప్పు. దిగబాకు, జారుద్ది."

అప్పటికి ఆమె నాలుగు మెట్లు దిగింది. పేరు పెట్టి పిలిచాడు, ఆగలేదు. గట్టిగా పిలుద్దామంటే పక్కన రికార్డింగు నడుస్తోంది. మెట్టు మెట్టుకీ చల్లదనం పాదాల్లోంచి పైకి ఎక్కుతోంది. ఇరవై, ముప్పై. ఏమీ లేకపోతే? ముసలామె నలభై ఏళ్ళుగా చెప్పింది ఉత్త అభిమానమే అయితే? తిరిగి పైకెక్కి ఏ మొహంతో ఆ నాలుగు వాక్యాలూ చెబుతుంది? ముప్పైతొమ్మిది, నలభై.

అడుగు మెట్టు మీద చీలమండ దాకా నీళ్ళు. సువార్త వంగి చేత్తో నీళ్ళని పక్కకి తోసింది. ఏమీ కనిపించలేదు. అరచేయి రాయి మీద పెట్టి, కళ్ళు మూసుకుని నెమ్మదిగా జరిపింది. గరుకు, గరుకు, తర్వాత ఒక గాడి. గాడి వంపు తిరిగింది. దాని మీద తలకట్టు.

బొల్లాపల్లి వాళ్ళు ఏడు వందలకి న్యాయం చేశారు. ఒక్కొక్క అక్షరంలోంచీ ముప్పై ఏళ్ళ మట్టి తీసేశారు.

"జక్రయ్య" అని చదివింది సువార్త.

మామూలుగానే చదివింది. కానీ అది బావి. ఆ పేరు గోడలకి తగిలి, పెద్దదై, నలభై మెట్లూ ఎక్కి పైకి వెళ్ళింది.

పైనుంచి, బడిలో హాజరు పలికినట్టు, రామాయమ్మ గొంతు వచ్చింది. "మా మామ."

"చిన నాగయ్య."

"రాగిచెట్టు కాడోళ్ళ తాత."

"పుల్లమ్మ."

"ఆమె రాళ్ళు మోసింది. నిండు చూలాలంట."

మెట్ల మీద చప్పుడైంది. దీపిక చెప్పులు చేత్తో పట్టుకుని, ఫోను ముందుకు చాచి, గోడని ఆసరా చేసుకుంటూ దిగుతోంది. ఆ వెనక పైన వెంకటేష్ ఆకారం, గొడుగు. మొదటి మెట్టు మీద ఒక కాలు పెట్టి, వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు. జేబులోంచి ఫోను తీశాడు.

"పెదనాన్నకి చేస్తన్నా సువార్తా" అన్నాడు. రికార్డింగు సంగతి ఇక పట్టించుకోలేదు. "దానియేలు ఇప్పుడు షిఫ్టులోనే ఉన్నాడు. ఇప్పుడే బయటికి పంపిస్తారు. పైకి రా."

సువార్త నడుం నిలబెట్టి పైకి చూసింది. బావి మూతిలో చదరంగా ఆకాశం, అంచున గొడుగు, ఇంకో అంచున ఖాళీ బిందె. దానియేలు ఈపాటికి ముక్కుకి తువ్వాలు కట్టుకుని బండ మీదికి వంగి ఉంటాడు. అతని పేరు పిలిచే మనిషి అతని వైపు నడుస్తూ ఉంటాడు.

"ఇంకా పద్నాలుగు పేర్లున్నాయి బాబూ" అంది. ఇది గైడు భాష కాదు. "అయ్యాక వస్తా."

వంగి, నాలుగో పేరు కోసం రాయి మీద అరచేయి పెట్టింది.