షాబాదు బండల్లోని పాకట్

ముంబయి కామాటిపుర తొమ్మిదో గల్లీలోని ఆ వరస గదుల పాత చాల్‌లో పొద్దున నల్లా వచ్చే వేళకు వినిపించేదంతా కాళ్ల చప్పుడే. బిందెలు మోసే ఆడవాళ్లు, పళ్లు తోముకుంటూ వసారాలో తిరిగే మగవాళ్లు, బడికి ఆలస్యమైన పిల్లలు, ఎవరూ పాదం ఎత్తి వేయరు. అరికాలు బండకు ఆనించే ఈడుస్తారు. సర్రు, సర్రు. ఫాక్‌లాండ్ రోడ్డు రద్దీలో కూడా ఈ చాల్ మనుషుల్ని నడకతో గుర్తుపట్టేయొచ్చు. కారణం అడిగితే అడిగినవాడినే వింతగా చూస్తారు. కింది అంతస్తు షాబాదు బండల్లో పాకట్ ఉంది మరి. తొక్కితే కుట్టదూ?

టేకుచేపను ముంబయిలో పాకట్ అంటారు. అన్నం పళ్లెమంత ఒళ్లు, కొరడాలాంటి తోక, తోక మీద రంపపు పళ్ల విషపుముల్లు. సముద్రంలో దీని చుట్టాలు ఒడ్డు దగ్గరి లోతులేని నీళ్లలో ఇసుక కప్పుకొని పడుకుంటాయి. ఇది బండ కప్పుకొని పడుకుంటుంది, అంతే తేడా. రాతి మీద రెండు కళ్లు, వాటి వెనక మూసుకుంటూ తెరుచుకుంటూ రెండు శ్వాసరంధ్రాలు కనబడితే అక్కడున్నట్టు. కాలు ఈడిస్తే ఆ అదురుకు పక్కకు జారిపోతుంది. చాల్ కట్టిన తెలుగు కూలీలు, ఆ కామాటీల కాలం నుంచీ దాని పేరు పెద్దాయన. పై అంతస్తు భూమయ్య ఒకే ఒక్కసారి, అన్న బరాత్‌లో ఒళ్లు మరిచి గంతేశాడు. చీలమండలో ముల్లు దిగింది. పాపం, విషం విరగడానికి వేడినీళ్ల బకెట్లో కాలు పెట్టుకొని పెళ్లి భోజనం తిన్నాడు.

కింది అంతస్తు మనాలికి ఆ పేరు మీదే పేచీ. ఆమె జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతోంది.

"పెద్దాయన ఆడది, కాకా" అంది ఆ పొద్దున, నల్లా దగ్గర.

"ఏందీ?" భూమయ్య నోట్లోని బ్రష్ జారింది.

"మగదానికి తోక మొదట్ల రెండు వేళ్లలెక్క ఉంటయి. దీనికి లేవు. నిన్న గోడలకు ఎక్కింది గద, సున్నంల నుంచి పొట్ట చూసిన. పైగా నెలలు నిండినయి."

"మూడు తరాల మర్యాద ఒక్క మాటతోని తీసేస్తివి గదనే! రేపు నన్ను గూడ ఆడదాన్ని చేస్తవా ఏంది?"

"నిన్ను ఏ కుటుంబంల పెట్టాల్నో సైన్సుకే ఇంక తేలలే, కాకా."

నల్లా దగ్గర నవ్వులు. మనాలి మాత్రం పూర్తిగా నవ్వలేకపోయింది. పాకట్ నిన్నటి నుంచి వాళ్ల గది గడప లోపలే పడుకుంది. కాళ్లు ఈడ్చినా కదలడం లేదు.

తోక కింద చర్మపు మడత లేదు కాబట్టి అది కొరడాతోక పాకట్‌లలో ఒకటని మనాలి తేల్చుకుంది. ఇలాంటి వాటిని పుస్తకాల్లో మొన్నమొన్నటిదాకా హిమాంటురా అనేవారు. తర్వాత పండితులు కూర్చొని, కొన్నింటిని విడదీసి బ్రెవిట్రైగాన్ అని వేరే ప్రజాతి చేశారు. చేస్తే చేశారు, పేరు మారింది కదా అని ఏ పాకట్‌నూ ఇసుక ఖాళీ చేయమనలేదు. చాల్ కొన్న బిల్డర్‌కు ఆపాటి ఇంగితం కూడా లేదు. చాల్‌కు ఏదో హైట్స్ అని బోర్డు పెట్టి, ఆ బోర్డు చూపించి మనుషుల్ని పొమ్మన్నాడు. కింది అంతస్తులో అందరూ పోయారు. మిగిలింది ఒక్క గది. అందులో మనాలి, ఆమె నాయనమ్మ రాజవ్వ. ఆ నేల పగిలితే పై అంతస్తులవాళ్లూ నిలవరు. పాలమూరుకు తిరిగి పోదామంటే అక్కడ వాళ్లకు గుంటెడు భూమి లేదు.

మధ్యాహ్నం అన్నాలు తింటుండగా బండలు పగలగొట్టే బ్రేకర్ మెషిన్ వచ్చింది. దాన్ని భుజాన మోస్తున్నవాడు బాలనర్సయ్య, పాలమూరు కూలీ. వెనక బిల్డర్ సూపర్‌వైజర్, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని. అందరికంటే ముందు సాహిల్.

సాహిల్ ఈ చాల్ పిల్లాడే. ఒకరి భుజాలు ఒకరు పట్టుకొని రైలాట ఆడుతూ అతనూ మనాలీ కలిసే కాళ్లు ఈడ్వడం నేర్చుకున్నారు. ఇప్పుడు బిల్డర్ దగ్గర కొలువు, ఎక్కడో టవర్‌లో కాపురం, కాళ్లకు మెరిసే బూట్లు. టకటకా అడుగులేస్తూ వచ్చాడు.

"అవ్వా, సామాన్ నికాలో" అన్నాడు, ముఖం చూడకుండా. "ఆజ్ ఖాలీ కాకపోతే నా నౌకరీ పోతుంది."

పోలీసైనా సరే, దొంగైనా సరే, గడప దగ్గరికి వచ్చినవాడికి కాళ్లు ఈడ్చుకుంట రమ్మని చెప్పడం ఆ చాల్ రివాజు. రాజవ్వ నోరు తెరిచింది. మనాలి ఆమె మణికట్టు గట్టిగా నొక్కింది. వద్దు. ఇవాళ వద్దు.

గడప లోపలి బండ మీద రెండు కళ్లు. తోక పైకి వంగి ఉంది. సాహిల్ కుడికాలు గడప దాటింది, గాల్లో ఉంది. బూటు ఒక లెక్కా? ఆ ముల్లు తోలును కాగితంలా చీల్చేస్తుంది. వాడు కేకలేస్తూ కింద పడతాడు, వాణ్ణి ఆసుపత్రికి మోసుకుపోతారు, మెషిన్ వెనక్కి పోతుంది. న్యాయమే కదా? మన ఇల్లు కూల్చడానికి వచ్చినవాడికి మనం దారి చూపాలా? కాలేజీ పోటీల్లో ఏ పక్షం ఇచ్చినా గెలిచే పిల్ల, ఈ వాదనా గెలిచింది. గెలిచి, గెలిచిన మరుక్షణమే అరిచింది:

"కాలు కింద పెట్టకు!"

సాహిల్ ఒంటికాలి మీద ఆగిపోయాడు, కొంగలా. కిందికి చూశాడు. మెల్లగా వెనక్కి జరిగాడు. ఆ తర్వాత అతని కళ్లలో వేరే లెక్క మెదిలింది.

"ఇధర్ హై?" అన్నాడు. "భాయ్, మెషిన్ ఇధర్ లగావ్. ఇది పోతే అవ్వ తనంతట తనే లేస్తుంది."

ఆ చోటు చూపించింది మనాలే.

బ్రేకర్ మొదలైంది. చాల్ మొత్తం దడదడలాడింది, గూట్లోని గిన్నెలు దొర్లాయి. ఉలి మొన బండకు జానెడు దూరానికి వచ్చినా పాకట్ కదల్లేదు. రాజవ్వ లేచి ఆ కళ్ల ముందు చతికిలబడింది.

"ఎట్ల కదుల్తదిరా? నెలలు నిండిన మనిషి!"

బాలనర్సయ్య మెషిన్ ఆపేశాడు. "ఏమంటివవ్వా? నెలలు నిండినయా?" వంగి చూశాడు. "పురుడొస్తదా దీనికి? పురుడైతే నేను ముట్ట. పురుటింటి మీద గడ్డపార ఎయ్యొద్దు. మా తాతలు ఎయ్యలే, మేమూ ఎయ్యం."

"అబే, మచ్ఛీకి పురుడేంది!" సాహిల్ గొంతు పెంచాడు. "గుడ్లు పెడుతుంది. చౌపాటీ ఇసుకలో తోలుసంచుల్లాంటి గుడ్లు నేను చూళ్లేదా? కోడి గుడ్డు పెట్టిందని ఎవడైనా పని బంద్ చేస్తాడా?"

బాలనర్సయ్య తల గోక్కున్నాడు. "అది గూడ నిజమే. గుడ్డుకైతే పురుడు లేదు." చెయ్యి మళ్లీ మీట మీదికి పోయింది.

"ఆగు, అన్నా!" మనాలి గడపలో అడ్డంగా నిలబడింది. "వాడు చూసిన సంచులు సొరచేపవి, లేకుంటే ఇంకో కుటుంబానివి. ఆ కుటుంబం చేపలు చూడనీకి అచ్చం ఇట్లనే ఉంటయి, గుడ్లు పెడ్తయి. కాని వాటి తోకకు విషపుముల్లు ఉండదు. ముల్లున్న పాకట్ పిల్లల్నే కంటది. కడుపులనే పాలు తాపి పెంచి మరీ కంటది. ఇప్పుడు చెప్పు, దీనికి ముల్లుందా, లేదా?"

"నాకేమెరుక?"

"భూమయ్య కాకా!"

భూమయ్య మెట్ల మీద నుంచే ధోవతి ఎగ్గట్టి, చీలమండ మీది మచ్చను బాలనర్సయ్య ముక్కు దాకా చాపాడు. "ఉందా లేదా, నన్నడుగు నాయనా. పెళ్లికూతుర్ని గూడ సరిగ చూడలే నేను."

"టైమ్ వేస్ట్ మత్ కరో!" బయట నుంచి సూపర్‌వైజర్ కసిరాడు. "షురూ కర్!"

బాలనర్సయ్య అటు చూశాడు, ఇటు చూశాడు. సాహిల్ విసుక్కొని తనే మీట అందుకోబోయాడు.

అప్పుడు పాకట్ అంచులు లేచాయి. బండ అల పొంగినట్టు పొంగింది. తోక కింద నుంచి, చుట్టిన తమలపాకులాంటిది ఒకటి మెల్లగా జారి బయటపడింది. రాతిలోనే ఒక్క క్షణం పడుకొని, రెండు రెక్కలూ విప్పుకుంది. అరచేతంత పాకట్. దారంలాంటి తోక, తల్లి కడుపు గీరుకోకుండా ముల్లు మీద మెత్తని తొడుగు. దాని వెనకే ఇంకోటి.

బాలనర్సయ్య తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, మెషిన్ మీద కప్పాడు.

"క్యా హువా? కిత్నే దిన్ రుకేగా?" సూపర్‌వైజర్ అరిచాడు. అందరూ మనాలి వైపు తిరిగారు.

"బండల ఉండే పాకట్‌కు పురుడెన్ని దినాలో ఇప్పటిదాకా ఎవరూ రాయలే" అంది మనాలి. "నేనే రాయాలె. నాకు తొందర లేదు."

"సాహిల్, చల్! బాహర్ ఆ!"

సాహిల్ కదలబోయాడు. రెండో పిల్ల ఈదుకుంటూ వచ్చి సరిగ్గా అతని బూటు కింద ఆగింది. ఇంకా ఈ లోకం తెలియని కళ్లు రెండూ బూటు అంచున కనబడుతున్నాయి. అతను కాలెత్తలేదు. ఈడ్వనూ లేదు.

"ఎటు పోతవ్ బిడ్డా?" రాజవ్వ మామూలుగానే అంది. "ఈ చాల్‌ల పుట్టినోనివి. నీకు గూడ పురుడే. ఇయ్యాల నువ్వు బయట ఎవల్నీ ముట్టొద్దు."

సాహిల్ నిలబడిన చోటనే వంగి లేసులు విప్పాడు. పాదాలు బయటికి తీసి, బూట్లను మాత్రం అలాగే వదిలేసి, మనాలి పక్కన గోడకు ఆనుకొని కూలబడ్డాడు. జేబులో ఫోన్ మోగింది. గుమ్మం అవతల నుంచే సూపర్‌వైజర్ ఫోన్ చేస్తున్నాడు.

సాహిల్ ఫోన్ ఎత్తాడు.

"మా ఇంట్ల పురుడు, సాబ్" అన్నాడు.

"క్యా బోలా వో?" సూపర్‌వైజర్ బాలనర్సయ్యను అడిగాడు.

బాలనర్సయ్య మెషిన్ వైరు మోచేతికి చుట్టుకుంటున్నాడు. "ఛుట్టీ మాంగ్ రహా హై, సాబ్" అన్నాడు, పురుటిని సెలవు చిట్టీగా మార్చి.